తల తిప్పుకునే మలుపు

పోయిన శనివారం సాయంత్రం నేను నడవలో కూచోని చేటలో కొర్రలు చెరుగుతాంటే, నా కూతురి కూతురు బడి బస్సు దిగి, చెప్పులు గూడా విడవకుండా ఉరుక్కుంటా వచ్చి సెల్లు నా మొగాన పెట్టింది. తొమ్మిదో తరగతి చదువుతాండాది. ఆ పొద్దు వాళ్ళ బడోళ్ళు చరిత్ర చూపిస్తామని పిల్లోళ్ళను ఏసీ బస్సులో గండికోటకు పిల్చకపోయినారు. మైదుకూరులో పొద్దున్నే బయలుదేరి, కోట చూసి, వచ్చేటప్పుడు కోయిలకుంట్ల పక్కకు తిరుక్కోని, పాతకాలం యుద్ధాల్లో పడిపోయినోళ్ళకు నాటిన రాళ్ళు చూసి వచ్చినారంట. ఒక్కో ఫొటో వేలితో జరుపుతా చెప్తాండాది. ఇది కోట తలుపవ్వా, ఇది పెన్నేరవ్వా, ఇది మేము ఐస్‌క్రీం తినిందవ్వా. నేను కొర్రలు చెరుగుతానే ఊ కొడ్తాండా. అప్పుడొచ్చింది ఆ ఫొటో. పిల్లోళ్ళంతా వరసగా నిలబడుకోని నగుతాండారు, వాళ్ళ ఎనకాల ఇనప కంచె, కంచె లోపల గుర్రమెక్కి కత్తి ఎత్తిన మనిషి రాయి. "ఇది వీరగల్లంటవ్వా. ఐదారు నూర్ల ఏండ్ల నాటిదంట. శత్రువులను ఒక్కడే ఎదిరించి పడిపోయిన వీరుడంట. మా సోషల్ టీచరమ్మ చెప్పింది. అందరమూ పూలు పెట్టి మొక్కుకున్న్యాం" అనింది.

చేట నా చేతిలోంచి ఎట్ల జారిందో నాకు తెలీదు. కొర్రలన్నీ నడవంతా పారినాయి. "ఎవురే చెప్పింది మీకు ఐదారు నూర్ల ఏండ్లని! ఆ రాయి నాకంటే చిన్నదే!" అని అరిచినా. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, లోపలికి తిరిగి, "అమ్మా, అవ్వకు ఏందో అయింది" అనింది.

అవును, అయింది. ఇప్పుడు గాదు, ఎప్పుడో అయింది. ఆ రాయి పేరు చెప్తే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎందుకో చెప్తా. కోపంగా ఉండానని ఏమీ అనుకోవాకండి, నిమ్మళంగా చెప్పే కథ గాదిది.

మా పుట్టినూరు కోయిలకుంట్ల పక్కన, కుందేటి గట్టున ఉండాది. నల్లరేగడి, వాన పడిందంటే మోకాళ్ళ దాకా దిగబడుతుంది, ఎండ కాసిందంటే చేయి పట్టేంత నెర్రెలిస్తుంది. జొన్న, శనగ పండుతాయి. మా ఊరికీ పక్కూరికీ పార్టీలు. మొదలు దేనికొచ్చిందని అడిగితే ఒకరు పంచాయితీ ఎలక్షన్లంటారు, ఒకరు నాపరాళ్ళ గని కాడ బండ్లు అడ్డం పెట్టినారంటారు, మా నాయనను కన్న జేజి అయితే ఎవురిదో ఎనుము ఎవురి చేన్లోనో పడిందనేది. దేనికైతేనేమి, ఆ ఎనుము సచ్చి ఎముకలు గూడా మిగల్లేదు గానీ మనుషులు మాత్రం వరసగా పోతానే ఉండినారు. నేను పలకా బలపం పట్టిన యాడాది మా నాయనను పొలం దారిలో నరికినారు. నరికినోళ్ళకు ముందరుండి నడిపించినోణ్ణి యాడాది తిరక్కుండానే మా పెదనాయన మనుషులు రోడ్డు మలుపు కాడ నరికినారు. ఆ మలుపులోనే వాళ్ళోళ్ళు వానికి రాయి నాటినారు. ఉత్త రాయి గాదు. ఆళ్ళగడ్డ శిల్పుల దగ్గర, పాత వీరగల్లు ఒకటి చూపించి, అచ్చం అట్లనే గుర్రం, కత్తి, పైన సూర్యుడు చంద్రుడు అన్నీ ఉండేట్టు చెక్కించినారంట. బతికినన్నాళ్ళు వాడు ఎక్కింది మోటరుసైకిలు, గుర్రాన్ని పెండ్లి ఊరేగింపులో తప్ప దగ్గరగా చూసి గూడా ఉండడు. సచ్చినాక ఎక్కినాడు గుర్రం.

మా ఊరోళ్ళు కోయిలకుంట్లకు పోవాలంటే ఆ మలుపు దాటల్ల. వేరే దారి లేదు. అందుకని మా ఊర్లో ఒక కట్టుబాటు పుట్టింది. బస్సు మలుపు కాడికి రాంగానే అందరూ తలకాయ అవతలికి తిప్పుకోవల్ల. శత్రువు రాయి కంట్లో పడకూడదు. పడితే వానికి మర్యాద ఇచ్చినట్టంట. బిడ్డకు అడుగులు నేర్పినాక మా ఊరోళ్ళు నేర్పిన రెండో పని ఇదే. కొత్తకోడలు కాపురానికొస్తే, పొయ్యి యాడుండాది, దొడ్డి యాడుండాది అని చూపించేదానికంటే ముందు, ఏ పక్కకు తల తిప్పుకోవల్లనో చెప్పి బస్సెక్కించేవాళ్ళు. తాగి తూగుతాండేవాడు గూడా ఆ మలుపు కాడ మాత్రం సరిగ్గా తిప్పుకునేవాడు. ఒకసారి కొత్త కండక్టరొచ్చినాడు. బస్సులో జనమంతా ఒక్కసారి కుడి పక్కకు తిరిగేసరికి, ఏందో ఉండాది చూస్తామని ఆయప్ప గూడా వంగి కుడి పక్క కిటికీలోంచి చూసి, "ఏముందప్పా ఆడ? శనగచేను తప్ప ఏమీ అగుపడల్యా" అన్నాడు. అందరూ శనగచేనునే చూస్తా కూచున్న్యారు. నగు మాత్రం నాకొచ్చింది. మా జేజి తొడపాశం పెట్టింది.

అట్లా పెరిగినా నేను. ఆ రాయి పక్కనుంచి వారానికొకసారన్నా పోయినా, దాని మొగం ఎట్లుంటుందో నాకు తెలీదు. నాకే గాదు, మా ఊర్లో నా ఈడు పిల్లోళ్ళకు ఎవురికీ తెలీదు.

నేను తొమ్మిదికొచ్చినాక మా హైస్కూలుకు కొత్త సోషల్ సారొచ్చినాడు. కిష్ణాజిల్లా మనిషి. "ఏమర్రా" అని పిలిచేవాడు, మేము మూతి బిగబట్టుకోని నగేవాళ్ళం. మా ఊరి జొన్నరొట్టె నమిలేదానికి నెల పట్టింది ఆయనకు. అయితే చరిత్ర చెప్పడం మొదలుపెట్టినాడంటే కిటికీ బయట ఎనుములు గూడా నిలబడుకోని వినల్ల. రాజులు పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం అడిగేవాడు గాదు. "ఆ రోజు కోటలో వంట చేసే ఆవిడ ఏం చేస్తూ ఉండి ఉంటుంది?" అని అడిగేవాడు. నాకు అట్లాంటి ప్రశ్నలంటే పానం. నేను చెప్పే జవాబులు విని, ఒకదినం మా ఇంటికే వచ్చి మా పెదనాయనతో, "ఈ అమ్మాయిని నంద్యాలలో కాలేజీలో చేర్పించండి, టీచర్ ట్రైనింగ్ చేయించండి. చరిత్ర చెప్పడానికే పుట్టింది" అన్నాడు. మా పెదనాయన మీసం మీద చెయ్యేసుకోని, "సరే సారూ, నాయన లేని పిల్ల, సదువుకోనీ" అన్నాడు. ఆ మాట నా చెవులారా విన్నా. ఆ పొద్దు నుంచి నేను నడిచేది నేల మీద గాదు. బోకులు తోమేటప్పుడు గూడా సారు మాదిరి చెయ్యి ఊపుకుంటా తపేలాలకు పాఠాలు చెప్పేదాన్ని.

ఆ యాడాది సారు మమ్మల్ని గండికోటకు పిల్చకపోయినాడు. పాత బస్సొకటి బాడిగకు మాట్లాడినాడు. ఇండ్లల్లో అమ్మలు చిత్రాన్నం, ఊరిబిండి, అలసంద వడలు కట్టిచ్చినారు. మలుపు కాడ అందరమూ అలవాటు ప్రకారం తల తిప్పుకున్న్యాం. సారు ముందు సీట్లో కూచోని పుస్తకం చదువుకుంటాండె, మమ్మల్ని చూడల్యా. ఆయన ఒళ్ళో అరిటాకులో చుట్టిన పూలదండ ఒకటి ఉండె, పైన తడిగుడ్డ కప్పుకోనుండె. ఎవురికి సారూ అంటే, "అక్కడ యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్ళకమ్మా" అన్నాడు.

కోటంతా తిరిగినాం. ధాన్యం దాచే కొట్టు, గుడి, మసీదు, అవతల చీలిన కొండల నడుమ పెన్నేరు, అన్నీ చూసినాం. సారు మాత్రం దండ చేతిలో పట్టుకోని, యాడ పెట్టల్లనో తెలీక ఎండలో తిరుగుతానే ఉండె. కట్టించినోళ్ళ పేర్లు చెప్పేవాళ్ళుండారు, ఏలినోళ్ళ పేర్లు చెప్పేవాళ్ళుండారు. కోట గోడ కింద పడి సచ్చిన బంటు పేరు చెప్పేవాడు ఒక్కడూ లేడు. "చూశారా అర్రా, చచ్చినవాడికి ఒక్క రాయైనా లేదు" అని సారు బాధపడినాడు. దండ వాడిపోతాండాది. మగపిల్లోళ్ళు, "సారూ, మీరే ఏసుకోండి" అని ఎగతాళి చేసినారు. ఆయన నగి, దండ మీద తడిగుడ్డ మళ్ళా కప్పినాడు.

వచ్చేటప్పుడు, యాడనో ఎగువన వాన పడి వాగొచ్చి రోడ్డు మీద నీళ్ళు పారతాంటే, డ్రైవరు గనుల దారి పట్టించినాడు. ఆ దారిన మేమెవురమూ ఎప్పుడూ వచ్చినోళ్ళం గాదు. నాపరాళ్ళ మొరం మీద టైరు పగిలింది. డ్రైవరు టైరు మారుస్తాంటే, పిల్లోళ్ళు ఎండకు మాడిపోతారని సారు మమ్మల్ని చేన్లకు అడ్డం పడి కాలవ గట్టు పక్కకు నడిపించినాడు. గట్టు కింద, యాపచెట్టు నీడలో ఒక రాయి కనపడింది. గట్టు అవతలే కోయిలకుంట్ల రోడ్డు. బస్సులో ఎత్తున కూచున్నోళ్ళకు గట్టు మీదుగా రాయి అగుపడుతుంది గానీ, కింద నిలబడుకున్న మాకు గట్టు అడ్డం ఉండబట్టి రోడ్డు కనపళ్ళా, మలుపు కనపళ్ళా. సారు మాత్రం ఆ రాయిని చూసి చిన్న పిల్లోని మాదిరి ఉరికినాడు. "వీరగల్లర్రా! ఎంత చక్కగా నిలిచిందో చూడండి! ఇది ఎవరిదో, ఏ యుద్ధానిదో మీ ఊళ్ళల్లో ఎవరైనా చెప్పుకుంటారా?" అని అడిగినాడు.

మేము ఆ రాయి చుట్టూ నిలబడుకోని కండ్లప్పగించి చూసినాం. ఎవురికీ తెలీదు! మా పెద్దోళ్ళు మాకు దాన్ని చూడకూడదని అంత బాగా నేర్పినారు, చూసినా గుర్తుపట్టలేకపోతిమి. నూనె కారి కారి, కుంకుమ అట్టలు కట్టి, రాయి నిజంగానే వెయ్యేండ్ల దాని మాదిరి ఉండె. మొగం యాడుండాదో, మీసం యాడుండాదో తెలీకుండా ఎర్రగా ముద్దగా ఉండె. సారు దండ నా చేతికిచ్చి, "నువ్వు వెయ్యమ్మా, క్లాసులో చరిత్ర నీదే కదా" అన్నాడు. నేను ఏసినా. గుర్రం మీది మనిషి ఎత్తిన చేతికి దండ తగిలించేటప్పుడు మణికట్టు కాడ వేలికి గుండ్రంగా ఏందో తగిలింది. కడియమనుకున్న్యా. చేతులు జోడించి మొక్కినా గూడా. ఎవురో తల్లి కన్న కొడుకు, ఊరి కోసరం పడిపోయినాడని నిజంగా కండ్లల్లో నీళ్ళొచ్చినాయి నాకు.

గట్టు మీద గొర్రెలు మేపుకుంటాండిన పక్కూరాయన ఒకడు అంతా చూసినాడు. నన్ను ఎరిగినోడు గాబట్టి, ఎవురి కూతురో వానికి బాగా తెలుసు. మేము టైరు మార్చుకోని ఊరు చేరేలోపల పక్కూర్లో టపాకాయలు కాల్చినారు. "వాని కూతురే వచ్చి మావోనికి పూలదండ ఏసి మొక్కి పోయింది" అని తప్పెట్లు కొట్టినారు. ఆ సద్దు కుందేటి మీదుగా మా ఊర్లోకి వినపడింది. ఊర్లోకి పోయేసరికి మా మిద్దె ముందర జనం.

మా పెదనాయన నన్ను కొట్టల్యా. కొట్టుంటే బాగుండు. నా పక్కకు గూడా చూడకుండా, "సదువు సాలు" అన్నాడు. అంతే. రెండు మాటలు. నంద్యాల కాలేజీ, టీచరు ట్రైనింగు, నేను తపేలాలకు చెప్పిన పాఠాలు, అన్నీ ఆ రెండు మాటల్లో పోయినాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపిచ్చినట్టు, టపాకాయలు కాల్చింది వాళ్ళు, నా పుస్తకాల సంచి అటకెక్కించింది ఈయన. సారును మరుసటి దినం మొదటి బస్సుకే పెట్టె సర్దించి పంపించేసినారు. పోతా పోతా మా ఇంటి ముందర నిలబడి ఏందో చెప్పబోయినాడంట, మా వాళ్ళు కట్టెలు చేతికి తీసుకుంటే ఎల్లిపోయినాడంట. ఆ మనిషి చేసిన తప్పేంది? సచ్చినోనికి మర్యాద చేయాలనుకున్న్యాడు. ఆ మాత్రం తెలివి మా ఊర్లో ఒక్కనికన్నా ఉండింటే మా నాయన బతికుండేవాడు.

మా జేజి నా చేతులకు పేడ రుద్ది, పసుపునీళ్ళు పోసి కడిగింది, అంటు తగిలినట్టు. నేను ఏడుస్తాంటే మా అమ్మ వచ్చి పక్కన కూచోనింది. తిడుతుందనుకున్న్యా. సుట్టూ చూసి, ఎవురూ లేరని తెలుసుకోని, మెల్లగా, "మ్మే, వాని మొగం ఎట్లుండాదే?" అని అడిగింది. తన తాళి తెంపినోణ్ణి ఆమె ఒక్కసారి గూడా చూడల్యా. బతికున్నప్పుడు పరదా, సచ్చినాక తల తిప్పుడు. "కుంకుమ పూసినారమ్మా, మొగం అగుపడల్యా" అన్న్యా. మా అమ్మ లేసి పొయ్యికాడికి పోయింది. ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తల్యా. ఆమె పోయిందాకా ఎత్తల్యా.

ఇంక నా సంగతి. మరుసటి యాడాదే పెండ్లి చేసి మైదుకూరుకు పంపించినారు. మా ఆయనది ఎరువుల అంగడి, మంచి మనిషి, నా మీద చెయ్యెత్తింది లేదు, నోరెత్తింది లేదు. అయినా నాకు కావలసింది ఎరువుల అంగడి గాదు గదా! నా బిడ్డల సోషల్ పుస్తకాలు వాళ్ళకంటే ముందు నేనే చదివేదాన్ని. ఇప్పుడు మనవరాలివి చదువుతాండా. తొమ్మిదో తరగతి పుస్తకం ఎన్నిసార్లు మారిందో, అన్నిసార్లూ తొమ్మిదో తరగతే చదివినా.

మా పౌరుషాలోళ్ళు ఏమైనారంటారా? బ్రహ్మాండంగా ఉండారు. మా పెదనాయన కొడుకు, ఆ రాతి మనిషి కొడుకు, ఇద్దరూ కలిసి కడప రోడ్డులో ప్లాట్లు ఏసి అమ్ముతాండారు. పోయిన యాడాది ఒకరింటి పెండ్లిలో ఒకే సోఫాలో కూచోని ఒకరికొకరు ఓళిగలు తినిపించుకుంటాంటే ఫొటోలు తీసినారు. తీసుకోండి, ఎవురొద్దన్నారు? సచ్చినోళ్ళు సచ్చిరి, మొగుడు పోయిన ఆడోళ్ళు మూలన కూచుండిరి, నా చదువు అటకెక్కె. మీరు ఓళిగలు తినండి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కాలవ గట్టు తీసేసి, రాయిని నీళ్ళతో కడిగి, కంచె నాటినారంట. కుంకుమ పోయినాక చూసినోళ్ళంతా పాత రాయనుకున్న్యారు. ఎవురు చెప్పల్ల గాదని? తెలిసిన మా ఊరోళ్ళు ఇప్పటికీ ఆడ తల తిప్పుకుంటాండారు. ఎందుకు తిప్పుకుంటాండారో మాత్రం ఇప్పటి పిల్లోళ్ళకు తెలీదు. వాళ్ళమ్మ తిప్పుకునింది, వీళ్ళూ తిప్పుకుంటారు.

ఇదంతా నా మనవరాలికి ఆ సాయంత్రం చెప్పినా, కొర్రలు ఏరుకుంటా. ఆ పిల్ల నమ్మినట్టు నమ్మనట్టు వింటాండాది. మధ్యలో అంగడి కట్టేసి మా అల్లుడొచ్చినాడు. ఎరువుల అంగడి ఇప్పుడు ఆయనే చూసుకుంటాండాడు. తలుపు కాడ నిలబడి అంతా విని, "ఇప్పుడవన్నీ ఎందుకత్తా? వాళ్ళిద్దరూ కలిసిపోయినారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? రేపు ఈ పిల్ల పోయి బళ్ళో ఏందన్నా అనిందంటే మన అంగడి కాడికొస్తారు" అన్నాడు.

"కత్తిపీట నేను గాదు నాయనా, తెగింది నేను" అన్న్యా. మా అల్లునితో అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడల్యా. మా కూతురు వంటింట్లోంచి బయటికొచ్చి నిలబడుకునింది. అంతలో మనవరాలు సెల్లులో ఫొటోను రెండువేళ్ళతో పెద్దగా లాగి, లాగి, ఇంకా లాగి, "అవ్వా!" అని కేక పెట్టింది. "అవ్వా, ఈ వీరునికి చేతిగడియారం ఉండాదేందవ్వా?"

కండ్లజోడు పెట్టుకోని చూసినా. కత్తి ఎత్తిన చేతి మణికట్టుకు, గుండ్రంగా, చిన్న చిన్న ముండ్లతో సహా, వాచీ. బతికున్నప్పుడు వాడు పెట్టుకునింది చూసి, ఆ శిల్పి ప్రేమగా చెక్కినట్టుండాడు. ఆ పొద్దు నా వేలికి తగిలింది అదే. కడిగినాక ఇన్నేండ్లు రోడ్డు పక్కన, పట్టపగలు, అందరి ముందరా ఉండాది అది. బస్సుల్లో పోయినోళ్ళు, పూలు పెట్టినోళ్ళు, కంచె నాటినోళ్ళు, పాఠం చెప్పినోళ్ళు, ఒక్కరూ చూడల్యా. ఆ వాచీ కింద ఆ మొగం గూడా కనపడింది. కోరమీసం, బొద్దు బుగ్గలు, మామూలు మనిషి మొగం. మా అమ్మ అడిగిన మొగం అదే. చూపిచ్చేదానికి ఆమె లేదు.

"సోమారం ఫస్టు పీరియడు సోషలే. టీచరమ్మకు చెప్తా" అనింది మనవరాలు. మా అల్లుడు నోరు తెరిచినాడు. నేను ఆయన పక్కకు చూసినా. ఏం చూసినానో నాకు తెలీదు గానీ, ఆయప్ప నోరు మూసుకోని చెప్పులు విడిచి లోపలికి పోయినాడు.

"నేనూ వస్తా పా" అన్న్యా ఆ పిల్లతో. "తొమ్మిదో తరగతిలో నాకు రావలసిన పాఠం ఒకటి మిగిలిపోయిండాది."

సోమారం పొద్దున ఆ పిల్ల జడ నేనే అల్లినా. జడ అల్లుతా అనుకున్న్యా: ఏండ్లు గడిస్తే రాయి పాతబడుతుందంటారు గానీ ఉత్త మాట. ఊరంతా తల తిప్పుకుంటే సాలు, నేను పుట్టినాక నాటిన రాయి గూడా వెయ్యేండ్లదై కూచుంటుంది.